అప్పజెప్పిన వాంగ్మూలం

మొన్న పాయా లేబర్ పేటలో ముగ్గురు తెలుగు పిల్లలు నన్ను కాఫీకి పిలిచారు. పిల్లలని నేను అనుకోవడమేగానీ ముగ్గురూ కొత్తగా లాయర్లయినవాళ్ళు. పెద్దవాళ్ళ తోడు లేకుండా ఈ చిన్న దీవి దేశంలో మిగిలిపోయిన పిల్లల వీసా కేసులు పట్టుకుని ముప్పయ్యేళ్ళు తిరిగిన తెలుగావిడ ఒకామె ఉందని ఎవరో చెప్పారట. అందులో ఒకమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచి, "ఆంటీ, మీరు పిల్లల్ని ఇంటర్వ్యూకి ఎలా ప్రిపేర్ చేసేవారో చెప్పండి. స్టెప్ బై స్టెప్ చెప్తే మేం టైప్ చేసుకుంటాం లా" అంది, ఇక్కడివాళ్ళ అలవాటుగా మాట చివర 'లా' తగిలించి.

నాకు ఒళ్ళు మండిపోయింది. పాపం ఆ పిల్ల తప్పేం లేదు. ఎలా తయారుచెయ్యాలో నాకు బాగా తెలుసనుకున్న రోజుల్లోనే కదా నేను హారిక అనే పిల్ల కొంప ముంచింది! ఆ సంగతే చెబుదామని నోరు తెరిచాను. మాట మార్చేశాను. మంచినీళ్ళు తాగి, ఏదో వంక చెప్పి ఇంటికొచ్చేశాను. నోటితో చెప్పలేకపోయింది ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను.

కోర్టు అనుకుని రాకండి

ముందే చెబుతున్నాను, ఈ పనిలో నల్లకోటు వేసుకుని గట్టిగా వాదించేది ఏమీ ఉండదు. ఒక కౌంటరు, చేతిలో ఒక టోకెన్ నెంబరు, గంటలకొద్దీ ఎదురుచూపు. లోపల చిన్న గది, బల్లకు అవతల ఒక ఆఫీసరు. లాయరు అక్కడ ఉండి తీరాలన్న నియమం కూడా లేదు. మర్యాదగా ఉత్తరం రాసి అడిగితే ఒక మూల కుర్చీ వేస్తారు. అంతే మన వైభవం.

తల్లి ఉద్యోగం పాసును, అంటే ఇక్కడ ఉండనిచ్చే అనుమతిని, పట్టుకుని పిల్ల పాసు ఉంటుంది. తల్లిది పోతే పిల్లదీ పోతుంది. ఆ తరవాత రెండేసి వారాలకు పొడిగించే ఒక కాగితం చేతికిస్తారు. పదేళ్ళ పిల్ల ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని బడికి వెళుతుంటే చూడటానికి గుండె రాయి చేసుకోవాలి. నాకు ఆ రాయి ఎప్పుడూ సరిగా కుదరలేదు.

నా సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి, లేకపోతే తరవాత జరిగింది మీకు అర్థం కాదు. మా తాత శ్రీకాకుళం నుంచి తంజోంగ్ పగార్ రేవులో మూటలు మొయ్యడానికి వచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను. ఇంట్లో తెలుగు నిలబెట్టింది మా నాయనమ్మ. సాయంత్రం నన్ను తలుపు పక్కన చేతులు కట్టుకుని నిలబెట్టి ఎక్కాలు, పద్యాలు అప్పజెప్పించుకునేది. తడబడితే అక్కణ్ణించి ఎత్తుకోవడానికి వీల్లేదు. "మళ్ళీ మొదట్నించీ" అనేది. తప్పు లేకుండా పూర్తయ్యాకే కంచం ముందు కూర్చోనిచ్చేది. అలా పెరిగినదాన్ని కాబట్టి గడగడా అప్పజెప్పే పిల్లను చూస్తే నాకు ప్రాణం లేచొచ్చేది.

టాన్ గారి కాయా టోస్టు

మా పెద్ద లాయరు మిస్టర్ టాన్. ఆఫీసు తంజోంగ్ పగార్‌లో, ఒక పాత దుకాణం మేడమీద. ఆయన పద్ధతి చూస్తే నాకు చిరాకు ఎత్తుకొచ్చేది. పిల్ల వచ్చిన మొదటి రెండు మూడు సార్లు కేసు ఊసే ఎత్తేవాడు కాదు. కింద కొట్టుకు తీసుకెళ్ళి, కొబ్బరిపాల జాము రాసిన కాయా టోస్టు తినిపించి, పిల్ల ఏ ముక్క ముందు తింటుంది, ఎవరికోసం ఒక ముక్క దాచుకుంటుంది అని చూస్తూ కూర్చునేవాడు.

ఒకసారి నాలుగేళ్ళ ఇండోనేషియా పాప మా ఆఫీసుకొచ్చి నా బల్లకింద దూరింది. నేను బిస్కెట్లు చూపించాను, బొమ్మలు చూపించాను, బతిమాలాను. ఊహూ, ఉలుకూ పలుకూ లేదు. టాన్ గారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, ఆ బానపొట్టతో తనూ బల్లకింద దూరాడు. అరగంటసేపు ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. చివరికి ఆ పాప ఆయన బూటు లేసు విప్పి, మళ్ళీ కట్టి, తనకు లేసు కట్టడం నేర్పిన మనిషి పేరు చెప్పింది. ఆ పేరు పట్టుకునే మేము వాళ్ళ పిన్నిని వెతికి పట్టుకున్నాం.

పైకి లేవడానికి ఆయనకు నా సాయం కావలసి వచ్చింది. "అడగడం ఎవరికైనా వస్తుంది లా. ఊరుకోవడం నేర్చుకో" అన్నాడు మోకాళ్ళు రుద్దుకుంటూ. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ మాట చెవిదాకా వచ్చిందిగానీ లోపలికి వెళ్ళలేదు.

హారిక

పన్నెండేళ్ళ కిందటి సంగతి. హారికకు అప్పుడు పదేళ్ళు. తల్లి సునీత కావలి నుంచి వచ్చిన నర్సు. మొగుడితో పొసగక విడిపోయి, పిల్లను అమ్మమ్మ దగ్గర ఉంచి ఇక్కడ ఉద్యోగంలో చేరింది. అమ్మమ్మ పోయాక ఎనిమిదేళ్ళ హారికను తెచ్చుకుంది. ఇద్దరూ క్లెమెంటిలో ఒక హైదరాబాదీ ముస్లిం దంపతుల ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవారు. ఖాదర్ గారు ఇంజినీరు. ఆయన భార్య నఫీసా గారు. వాళ్ళకు పిల్లల్లేరు.

సునీతకు షిఫ్టు డ్యూటీలు. అందుకని పిల్లను లేపడం, తినిపించడం, జడలు వెయ్యడం, బడి బస్సెక్కించడం అన్నీ నఫీసా గారే. రెండేళ్ళు అలా గడిచాయి. ఒకరోజు డ్యూటీలో ఉండగానే సునీత తలనొప్పి అంటూ కూలబడింది. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. మూడో రోజుకు మనిషి లేదు.

నెల్లూరులో తండ్రి అప్పటికే మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆయనకు పాస్‌పోర్టు లేదు, రాలేకపోయాడు. ఖాదర్ గారే తెలుగు నర్సులను కూడేసి దహనం ఇక్కడే జరిపించారు. నెల తిరక్కుండా తండ్రి ఫోన్ చేశాడు, నా బిడ్డను నాకు పంపండి అని. హారికకు మూడేళ్ళప్పుడు వెళ్ళిపోయిన మనిషి. ఎదురుపడితే ఆ పిల్ల గుర్తుపట్టను కూడా పట్టదు.

నఫీసా గారు పిల్లను వెంటబెట్టుకుని మా మెట్లెక్కి వచ్చారు. "లాయరమ్మా, పోరి రాత్రంత జ్వరంతోటి ఒర్రుతున్నది. నన్ను వదిలి నక్కో జానా, పోనంటే పోను అంటున్నది. చదువు పాసో, ఇంకేం పాసో, ఏదో ఒకటి చేసి మా ఇంట్లనే ఉంచుండ్రి. గార్డియన్ కాగితం ఏడ సంతకం పెట్టమంటే ఆడ పెడ్త" అన్నారు. హారిక ఆమె దుపట్టా కొస వేలికి చుట్టుకుంటూ నిలబడింది. రెండు జడలు, నల్ల రిబ్బన్లు. కుడి జడ బిగుతుగా ఉంది, ఎడమ జడ వదులై చెవిమీదికి జారుతోంది. అది చూశాను. చూసి, ఏమీ అడగలేదు.

రెండు పేజీలు

ఇలాంటి కేసులో బరువంతా ఒక్కదాని మీదే ఉంటుంది. సొంత తండ్రి రమ్మంటుండగా, చుట్టరికం లేని ఇంట్లో పిల్లను ఎందుకు ఉంచాలి? ఆ ఇంటితో పిల్లకున్న బంధం ఎంత గట్టిదో ఆఫీసరుకు తెలియాలి. అది పిల్ల నోటినుంచే తెలియాలి.

నేనేం చేశానంటే, నా ఇంగ్లీషు పరిజ్ఞానమంతా ఒలకబోసి హారిక తరఫున రెండు పేజీల వాంగ్మూలం రాశాను. "శ్రీమతి నఫీసాతో నాకు గాఢమైన, చిరకాలం నిలిచే అనుబంధం ఏర్పడినది" అన్న ధోరణిలో. ఆ పిల్ల పెట్టుకున్న బెంగకు నేను రాసింది అది. చదివి వినిపించి, అర్థం చెప్పి, ఒక కాపీ చేతికిచ్చాను.

మూడు రోజుల తరవాత హారిక వచ్చింది. "లాయరాంటీ, మొత్తం వచ్చేసింది. అప్పజెప్పనా?" అంది. కుర్చీలోంచి లేచి, చేతులు కట్టుకుని, కళ్ళు పైకెత్తి, ఊపిరి తీసుకోవడానికి తప్ప ఆగకుండా రెండు పేజీలూ అప్పజెప్పేసింది. కావలిలో చదివిన బడిలో అలాగే నేర్పారు. ఒక్క తప్పు లేదు! నాకు మా నాయనమ్మ గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. దగ్గరికి తీసుకుని చాక్లెట్ పెట్టాను. ఇంక ఈ కేసు గెలిచినట్టే అనుకున్నాను, నా మొహం.

పక్క గదిలోంచి టాన్ గారు తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "చాలా మంచి ఇంగ్లీషు. ఎవరిది?" అన్నాడు.

ఆయనకు వయసైపోయి చాదస్తం ముదిరిందనుకున్నాను. ఆ సాయంత్రం హారికతో ఇంకో రెండుసార్లు చెప్పించుకున్నాను కూడా. ఒకచోట తడబడితే నా నోటెంట నాకు తెలియకుండానే వచ్చింది, "మళ్ళీ మొదట్నించీ" అని.

ఇంటర్వ్యూ గదిలో ఆఫీసరు ఒక మలయ్ ఆవిడ, నలభై ఏళ్ళుంటాయి, మెత్తటి గొంతు. ఇంట్లో ఎవరెవరు ఉంటారమ్మా అని అడిగింది. హారిక లేచి నిలబడి చేతులు కట్టుకుని మొదలుపెట్టింది. ఆవిడ కాసేపు విన్నది. గాఢమైన అనుబంధం దగ్గరికి వచ్చేసరికి పెన్ను కింద పెట్టి, చాలా ప్రేమగా, "నీ జడలు బాగున్నాయే. ఎవరు వేశారు?" అంది.

హారిక ఆగిపోయింది. నావైపు చూసింది. నేను కల్పించుకోకూడదు, నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. ఆ పిల్ల మళ్ళీ మొదట్నించీ ఎత్తుకుంది. నా పేరు హారిక, నాకు పదేళ్ళు. ఆవిడ ఇంకోసారి ఆపి అదే అడిగింది. హారిక ఇంకోసారి మొదట్నించీ ఎత్తుకుంది. మూడోసారికి ఏడుపు గొంతుతో చెప్పింది, అయినా ఒక్క మాట తప్పు పోలేదు.

ఆవిడ నావైపు తిరిగి కోపం లేకుండానే అడిగింది, "మేడం, ఇది ఎవరు రాశారు?" నేనే అన్నాను.

పిల్ల సొంత మనసు ఏమిటో తెలుసుకోవడం వీలు పడలేదు అని ఆ రోజు కాగితంలో రాసుకున్నారు. ఆవిడ రాసింది నిజం. ఆవిణ్ణి నేను ఇప్పటికీ ఒక్క మాట అనలేను.

రైల్లో

తిరిగి క్లెమెంటికి రైల్లో వస్తున్నాం. హారిక నా పక్కన కాళ్ళు ఊపకుండా కూర్చుంది. ఎందుకు చెప్పలేదే అని అడిగాను, ఉండబట్టలేక.

"జడల సంగతి మన కాగితంలో లేదు కదాంటీ. లేనిది చెప్తే తప్పయిపోయి నఫీసాంటీని ఏమన్నా అంటారేమోనని చెప్పలా" అంది. తరవాత తనే చెప్పింది. "నఫీసాంటీకి కుడిచేతి బొటనవేలు విరిగిందంట చిన్నప్పుడు. అందుకని ఎడమ జడ బిగించలేదు. బస్సెక్కేలోపు ఊడిపోద్ది. బస్సులో నేనే బిగించుకుంటా. ఆంటీకి చెప్పబాక, ఫీలవుద్ది."

రెండు పేజీలూ చించి పారేసి ఈ నాలుగు ముక్కలు రాసుంటే! రాయడం కూడా అక్కర్లేదు. ఆ పిల్లను తన మానాన తనను మాట్లాడనిస్తే చాలు. నెలన్నరలో ఒక్కసారైనా కూర్చుని టోస్టు తినిపించానా? లేదు. తినిపించి ఉంటే ఎడమ జడ సంగతి టేబుల్ మీదే దొరికేది.

నిర్ణయం వచ్చింది, తండ్రి దగ్గరికి పంపమని. నేను మళ్ళీ రాశాను, రైల్లో విన్నదంతా పెట్టి రాశాను. లాయరు రాసిన జడను ఎవరు నమ్ముతారు? ఇంటర్వ్యూ ఒకసారి అయిపోయిందని జవాబొచ్చింది.

బెంగ

సెలవు మీద ఊరెళుతున్న నర్సమ్మాయి ఒకామె హారికను వెంట తీసుకెళ్ళింది. ఆ ఉదయం నఫీసా గారు జడలు వేస్తుంటే నేను అక్కడే ఉన్నాను. నొప్పి ఓర్చుకుంటూ పళ్ళబిగువున ఎడమ జడ కూడా బిగించి అల్లారు. దారిలో ఊడొద్దని. హారిక ఏడవలేదు. అద్దంలో ఆమె చేతులనే చూస్తూ కూర్చుంది.

అయిదో రోజున తండ్రి నాకు ఫోన్ చేశాడు. ఆయన దుర్మార్గుడైతే నాకు తిట్టుకోవడానికి ఒక మనిషి దొరికేవాడు. కాదు, మామూలు మనిషి. "ఏందమ్మా ఇది, జడలు విప్పనీటల్లా. తలకి పోసుకోమంటే గదిలో దూరి గడియేసుకుంటంది. బెంగతో జ్వరం తగులుకునింది. ఏం చెయ్యమంటారో మీరన్నా చెప్పండి" అన్నాడు. విప్పొద్దు, కొన్నాళ్ళు అలాగే వదిలెయ్యండి అన్నాను.

తరవాత హాస్టల్లో వేశారు. అక్కడ పేలు పడతాయని జుట్టు చెవులదాకా కత్తిరించారట. ఆ మాట విన్న రోజు నఫీసా గారు, "జుట్టుదేముంది లాయరమ్మా, పెరుగుతది" అని, లోపలికెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

శుక్రవారం శుక్రవారం ఆమె ఫోన్ చేసేవారు. రెండేళ్ళకు ఆ నెంబరు పోయింది. మూడేళ్ళు పిల్ల ఎక్కడుందో, ఏమైందో తెలియలేదు. నేను మాత్రం క్లెమెంటి వెళ్ళడం మానలేదు. మొదట్లో తప్పు చేసినదాన్ని కాబట్టి వెళ్ళేదాన్ని. పోనుపోను, ఆ ఇంట్లోనే హారిక గురించి మాట్లాడుకోవచ్చని వెళ్ళేదాన్ని. ఆ గది మళ్ళీ ఎవరికీ అద్దెకివ్వలేదు. యూనివర్సిటీ కుర్రాళ్ళు ఎందరు వచ్చి అడిగినా ఖాళీ లేదని చెప్పేసేవారు. దువ్వెన, రెండు నల్ల రిబ్బన్లు కిటికీ దగ్గర అలాగే ఉండేవి. మేమిద్దరం ఆ కిటికీ దగ్గర చాయ్ తాగుతూ, ఇప్పుడు ఏ క్లాసో, ఎంత ఎత్తు ఎదిగిందో అని లెక్కలు వేసుకునేవాళ్ళం.

నాకూ ఆ పిల్ల మీద బెంగే. లాయరుకు బెంగేమిటి అని నవ్వకండి. ఈ పనిలో గెలిచిన పిల్లలు మర్చిపోతారు, మర్చిపోవాలి కూడా. మనమే మర్చిపోలేం. ఆ తరవాత ఏ పిల్లకూ నేను ఒక్క వాక్యం నేర్పలేదు. టాన్ గారు పోయాక ఆ కాయా టోస్టు కొట్టులో ఆయన కుర్చీలో నేను కూర్చున్నాను, చేతులు కట్టుకుని, నోరు మూసుకుని. కొందరు పిల్లలు ఉండిపోయారు, కొందరు వెళ్ళిపోయారు. వెళ్ళినవాళ్ళు కూడా తమ మాట తాము చెప్పుకునే వెళ్ళారు. నేను గట్టిగా చెప్పుకోగలిగింది అదొక్కటే.

ఎవరింటికి

హైస్కూలు అయ్యాక హారికే మమ్మల్ని వెతుక్కుంది. ఇప్పుడు ఇరవై రెండేళ్ళు, నెల్లూరులో ఒక ల్యాబ్‌లో పనిచేస్తోంది. నాలుగు నెలల కిందట ఫోన్ చేసి, "లాయరాంటీ, టికెట్ తీసుకున్నా. విజిట్ వీసా వచ్చింది" అంది.

"ఎయిర్‌పోర్టులో అడుగుతారంట కదా, ఎందుకొచ్చావ్, ఎక్కడుంటావ్ అని. ఏం చెప్పాలాంటీ? రాసి పంపండి, నేర్చుకుంటా" అంది. ఆటపట్టిస్తోందో, నిజంగానే భయపడుతోందో గొంతుబట్టి తెలియలేదు.

"నేనేమీ రాయనే తల్లీ. అడిగింది విను. నీకు తోచింది చెప్పు" అన్నాను.

హారిక వచ్చే రోజున నఫీసా గారు, నేను గంటన్నర ముందే ఎయిర్‌పోర్టుకు వెళ్ళి కూర్చున్నాం. ఆమెకిప్పుడు డెబ్భై దాటాయి, చేతికర్ర పట్టుకుని నడుస్తారు. ఒళ్ళో చేతిసంచి. పట్టుకుంటానంటే ఇవ్వరు. అందులో ఏముందని అడిగాను. తెరిచి చూపించారు. దువ్వెన, కొబ్బరినూనె సీసా, రెండు నల్ల రిబ్బన్లు. "జడ వేసుకోకుండ రమ్మని చెప్పిన" అన్నారు.

తలుపులు తెరుచుకున్నప్పుడల్లా ఎవరెవరో వస్తున్నారు. పొడవాటి అమ్మాయి ఒకతె ట్రాలీ తోసుకుంటూ వచ్చింది. నడుం దాటిన జుట్టు, విరబోసుకునే ఉంది. మమ్మల్ని చూడగానే ట్రాలీని అక్కడే వదిలేసింది.

ఏడుపులయ్యాక, లోపల ఏమడిగారే అన్నాను.

"ఎవరింటికొచ్చావ్ అన్నాడాంటీ."

"ఏం చెప్పావు?"

"నాకు జడలేసే ఆంటీ ఇంటికి అన్నా. నా జుట్టు వంక చూసి, నవ్వి, పొమ్మన్నాడు. ముప్పై రోజులు."

ముప్పై రోజులయ్యాక మళ్ళీ ఇక్కడికే రావాలని ముగ్గురికీ తెలుసు. "కూసో బేటీ" అన్నారు నఫీసా గారు. హారిక అందరూ చూస్తుండగా ఆమె కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుంది. ఆమె నూనె రాసి, పాపిడి తీసి, కుడి జడ అల్లి రిబ్బను కట్టారు. ఎడమవైపు చాలాసేపు పట్టింది.

ఎడమ జడ వదులుగానే వచ్చింది. హారిక దాన్ని బిగించుకోలేదు.